పడవలో మరుగుదొడ్డి: కమోడ్ కంటే ముందు చూడాల్సినవి

పడవ కట్టించేవాళ్లు ఇంజిను గురించి నలుగురినీ వాకబు చేస్తారు. చెక్కా, ఫైబరా, ఉక్కా అని తర్జనభర్జన పడతారు. మరుగుదొడ్డి సంగతి వచ్చేసరికి మాత్రం దుకాణంలో కంటికి నచ్చిన కమోడ్‌ను చూపించి బిగించమంటారు. ఇక ఆ పడవ ఉన్నంతకాలం కంపు, పూడుకుపోయే గొట్టాలు, మొరాయించే పంపు వెంటాడుతూనే ఉంటాయి. మార్కెట్లో దొరికే పరికరాల్లో మంచివి లేక కాదు. ఎంపికను తప్పు కొస నుంచి మొదలుపెట్టడమే చిక్కు.

మలినం చివరికి ఎక్కడికి చేరాలన్నది మొదటి ప్రశ్న. అది తేలితే ట్యాంకు ఎంతుండాలో తెలుస్తుంది. ట్యాంకు ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే గొట్టాల దారి తెలుస్తుంది. ఆ మూడూ కుదిరాక కమోడ్ ఎంపిక దాదాపు దానంతటదే జరిగిపోతుంది. ఈ సమీక్ష ఆ వరసలోనే సాగుతుంది.

పడవ తిరిగేది ఏ నీళ్లలో?

సముద్రానికీ నదికీ ఒకే నియమం సరిపోదు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లో 400 గ్రాస్ టన్నులు, ఆ పైబడినవాటికీ, 15 మందికి మించి తీసుకెళ్లే అనుమతి ఉన్నవాటికీ మార్పోల్ ఒప్పందంలోని నాలుగో అనుబంధం వర్తిస్తుంది. అది 2003 సెప్టెంబరు 27న అమల్లోకి వచ్చింది. మలినాన్ని మెత్తగా నూరి, క్రిములను చంపాక తీరానికి 3 నాటికల్ మైళ్ల ఆవల వదలవచ్చు. అలా చెయ్యనిదాన్ని వదలాలంటే 12 మైళ్లు దాటాలి. అప్పుడు కూడా ఓడ కనీసం 4 నాట్ల వేగంతో సాగుతూ ఉండాలి, ట్యాంకును ఒక్కసారిగా కుమ్మరించకూడదు. లోతు, ప్రవాహం, కదలిక కలిస్తే మలినం పలచబడి చెదిరిపోతుందన్నది ఈ నియమాల వెనకున్న లెక్క. రేవులో లంగరేసిన పడవకూ, కాలువలో నిలిచిన హౌస్‌బోటుకూ ఆ మూడింటిలో ఏదీ లేదు.

చిన్న పడవలకు అమెరికాలో పాటించే పద్ధతి పరిశీలించదగ్గది. అక్కడి క్లీన్ వాటర్ యాక్ట్ 312వ సెక్షన్ కింద పడవ పరికరాలు మూడు రకాలు. మొదటి రకం 65 అడుగుల వరకు ఉన్న పడవలకు పనికొస్తుంది. అది వదిలే నీటిలో ప్రతి 100 మిల్లీలీటర్లకు ఫీకల్ కోలిఫాం బ్యాక్టీరియా 1000కి మించకూడదు, కంటికి కనిపించే ఘనపదార్థం తేలకూడదు. రెండో రకానికి ఆ హద్దు 200. మూడో రకం శుద్ధి చెయ్యదు, ట్యాంకులో నిల్వ చేస్తుంది. ‘నో డిశ్చార్జ్ జోన్’గా ప్రకటించిన జలాల్లో శుద్ధి చేసిన మలినాన్ని కూడా వదలనివ్వరు. ఐరోపా సమాఖ్య ఇంకో అడుగు ముందుకేసింది. 2013/53 నంబరు ఆదేశం ప్రకారం విహార పడవలో మరుగుదొడ్డి ఉంటే దాన్ని నిల్వ ట్యాంకుకో, శుద్ధి పరికరానికో కలిపి తీరాలి.

ఈ అంకెలను మన ప్రమాణాల పక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. స్నానానికి పనికొచ్చే నీటిలో ఫీకల్ కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండటం వాంఛనీయమనీ, 2500 దాటకూడదనీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెబుతోంది. అమెరికా మొదటి రకం పరికరం చక్కగా పనిచేసినా, అది వదిలే నీరు మన స్నానఘట్టానికి కోరుకునే ప్రమాణాన్ని అందుకుంటుందన్న హామీ లేదు. పైగా ఈ పరికరాల్లో చాలావరకు ఉప్పునీటిలో కరెంటు పంపి క్లోరిన్ జాతి క్రిమిసంహారకాన్ని పుట్టిస్తాయి. మంచినీటి నదిలో ఆ పని జరగాలంటే ఉప్పు విడిగా కలపాలి. అందుకే నది, చెరువు, జలాశయం, కాలువ, వీటిలో తిరిగే పడవకు నిల్వ ట్యాంకు ఒక్కటే దారి అని నా అభిప్రాయం.

ట్యాంకు: లెక్క వేసి కొనాల్సిన వస్తువు

నలుగురున్న పడవలో ఒక్కొక్కరు రోజుకు ఐదుసార్లు, సారికి 2 లీటర్ల నీళ్లతో వాడితే రోజుకు 40 లీటర్లు. మూడు రోజుల ప్రయాణానికి 120 లీటర్ల ట్యాంకు కావాలి. 60 మంది ఎక్కే విహార బోటులో ఒక పగటి ప్రయాణంలో మనిషికి రెండుసార్లు, సారికి 3 లీటర్లు అనుకున్నా 360 లీటర్లవుతుంది. అంత బరువు ఒక పక్కకు చేరితే పడవ ఒరుగుతుంది, ఎత్తులో పెడితే నిలకడ తగ్గుతుంది. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ దొర్లడం ఇంకా ప్రమాదం. కాబట్టి పెద్ద ట్యాంకు పడవ నడిమధ్యన, వీలైనంత కిందుగా, లోపల అడ్డుపలకలతో ఉండాలి. పడవ కట్టేటప్పుడే దానికి చోటు కేటాయించాలి. తర్వాత ఇరికించే ట్యాంకు ఎప్పుడూ అవసరానికి చిన్నదే అవుతుంది.

ట్యాంకుకు మందమైన పాలిథిలిన్ మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు చూపుకు గట్టిదే, కానీ మూత్రం అతుకుల దగ్గర దాన్ని తినేస్తుంది. తొలి చిల్లు సాధారణంగా వెల్డింగు గీత మీదే పడుతుంది.

అందరూ చిన్నచూపు చూసేది గాలి గొట్టాన్ని. ట్యాంకులోకి గాలి ధారాళంగా అందితే ప్రాణవాయువుతో బతికే బ్యాక్టీరియా మలినాన్ని పెద్దగా కంపు లేకుండా కుళ్లిస్తుంది. గాలి అందకపోతే వేరే జాతి బ్యాక్టీరియా పుంజుకుని హైడ్రోజన్ సల్ఫైడు పుట్టిస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. గాలి గొట్టం సన్నగా, మెలికలు తిరిగి ఉంటే ఈ రెండోదే జరుగుతుంది. కనీసం 25 మిల్లీమీటర్ల వ్యాసంతో, పొట్టిగా, తిన్నగా పెట్టిన గొట్టం చేసే మేలు ఏ సుగంధ ద్రావకమూ చెయ్యలేదు.

ఆ వాయువు ప్రాణాంతకం కూడా. గాలికంటే బరువైనది కాబట్టి పడవ అడుగున పేరుకుంటుంది. పది లక్షల పాళ్ల గాలిలో సుమారు 100 పాళ్లకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. ఇంకా పెరిగితే మనిషి నిలుచున్నచోటే కూలిపోతాడు. సెప్టిక్ ట్యాంకుల్లో దిగి కార్మికులు చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మనుషుల చేత అలాంటి ప్రమాదకరమైన శుభ్రత చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. పడవ ట్యాంకుకూ అదే నీతి వర్తించాలి. మనిషి చెయ్యి పెట్టకుండా, తల దూర్చకుండా ఖాళీ చేసి కడగడానికి వీలుగా పైన మూత, డెక్కు మీద పీల్చే గొట్టం తగిలించే బిరడా ఉండాలి. అవి లేని ట్యాంకును చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. దాన్ని కడిగే పని చివరికి ఒక కళాసీ మెడకే చుట్టుకుంటుంది.

గొట్టాలు, వాల్వులు: పడవను ముంచగలిగేవి

కమోడ్ పగిలితే ఇబ్బంది. దాని గొట్టం ఊడితే పడవే పోతుంది. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద 38 మిల్లీమీటర్ల రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 140 లీటర్లు లోపలికి వస్తాయి. గంటలో 8 టన్నులు. మలినం పోయే గొట్టానికి సాధారణంగా ఉండే కొలత ఇదే. నీళ్లు తోడే సన్న గొట్టం, 19 మిల్లీమీటర్లది, గంటకు 2 టన్నుల పైచిలుకు తేగలదు. రేవులో కట్టేసి ఇంటికెళ్లిన పడవకు ఒక రాత్రి చాలు.

గొట్టం ఊడకపోయినా ముప్పు ఉంది. డ్రమ్ములోంచి కిరోసిన్‌ను గొట్టంతో ఒకసారి నోటితో లాగి వదిలితే అది ఆగకుండా కారుతూనే ఉంటుంది కదా, కమోడ్ అంచు బయటి నీటిమట్టం కంటే కిందికి ఉన్నప్పుడు సముద్రమో నదో అలాగే లోపలికి కారుతుంది. పంపులోని వాల్వు కింద ఒక నలుసు ఇరుక్కుంటే చాలు. దీనికి విరుగుడు గొట్టాన్ని నీటిమట్టం కంటే ఎత్తుకు తీసుకెళ్లి, వంపు కొసన చిన్న గాలి వాల్వు పెట్టడం. ఆ గాలి ధారను తెంచుతుంది. పడవ ఒరిగినప్పుడు కూడా ఆ వంపు నీటి పైనే ఉండాలి, ఒక జానెడైనా ఎత్తుండాలి. నీళ్లు తోడే గొట్టానికీ వంపు కావాలి. అది సన్నదే కదా అని వదిలేయడం వల్లే మునిగిన పడవలున్నాయి.

పడవ అడుగున ఉండే సీకాక్ వాల్వును వాడకం అయిన ప్రతిసారీ మూసే అలవాటు మరో రక్ష. అది చేతికి అందేచోట ఉంటేనే ఎవరైనా మూస్తారు. నెలకోసారి తిప్పకపోతే బిగుసుకుపోతుంది.

ఈ జాగ్రత్తల విలువ చెప్పే ఉదంతం ఒకటి నౌకా చరిత్రలో ఉంది. జర్మనీ జలాంతర్గామి యూ-1206 రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, 1945 ఏప్రిల్ 14న స్కాట్లండ్ తీరంలో మునిగిపోయింది. లోతులో ఉండగానే వాడే వీలున్న కొత్తరకం మరుగుదొడ్డి అందులో ఉండేది. దాని వాల్వులను తప్పు వరసలో తిప్పడంతో సముద్రపు నీరు లోపలికి దూకిందని ఎక్కువగా వినిపించే కథనం. ఆ నీరు బ్యాటరీలను తాకి క్లోరిన్ వాయువు పుట్టింది. జలాంతర్గామి శత్రు జలాల్లో పైకి తేలక తప్పలేదు. చివరికి దాన్ని సిబ్బందే ముంచేశారు, నలుగురు ప్రాణాలు కోల్పోయారు. వాల్వులు ఏ వరసలో తిప్పాలో రాసిన పలక ప్రతి పడవ మరుగుదొడ్డి గోడ మీదా ఉండాలని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. మన పడవల్లో ఆ పలక తెలుగులో ఉండాలి, బొమ్మతో సహా.

ఆఖరున కమోడ్

చేతిపంపు కమోడ్ అన్నిటికంటే చవక, మరమ్మతు తేలిక. కరెంటు అక్కర్లేదు. సీళ్లు, వాషర్లు ఉన్న కిట్టు ఒకటి పడవలో ఉంటే నడి సముద్రంలోనైనా బాగు చేసుకోవచ్చు. దీని బలహీనత వాడేవారి ఓపికే. నాలుగుసార్లు కొట్టి వదిలేస్తే మలినం గొట్టంలోనే నిలిచిపోతుంది. చేతిపంపుల్లోనే లవాక్ అనే రకం ఉంది. మూత గట్టిగా మూసి పంపు కొడితే లోపల శూన్యం ఏర్పడి, మలినం బయటికి పోవడం, కొత్త నీళ్లు రావడం ఒకేసారి జరుగుతాయి. కమోడ్‌లో కదిలే భాగాలు లేకపోవడం దాని గొప్ప.

మోటారుతో మెత్తగా నూరే కమోడ్ కొత్తవారికి, పెద్దవారికి సుఖం. మీట నొక్కితే చాలు. బ్యాటరీ తినేస్తుందన్న భయం చాలామందికి ఉంది. లెక్క చూడండి: 12 వోల్టుల మీద 20 ఆంపియర్లు అరనిమిషం వాడితే ఖర్చయ్యేది ఆంపియర్-గంటలో ఆరో వంతు. బ్యాటరీకి అది లెక్కలోది కాదు. అయితే 20 ఆంపియర్లు మొయ్యడానికి తగినంత లావు తీగ కావాలి. సన్న తీగ వేస్తే వోల్టేజి పడిపోయి, మోటారు వేడెక్కి కాలిపోతుంది. మోటారు చెడిందని వచ్చే ఫిర్యాదుల్లో తీగనూ అతుకులనూ ముందు చూడాలి.

శూన్యంతో లాగే కమోడ్‌లు క్రూయిజ్ ఓడల్లో, విమానాల్లో వాడేవాటి కోవలోవి. చాలా తక్కువ నీటితో పని ముగుస్తుంది కాబట్టి అదే ట్యాంకు ఎక్కువ రోజులు వస్తుంది. కానీ ఎక్కడ సీలు కొంచెం జారినా శూన్యం నిలవదు. ఎవరూ వాడకుండానే పంపు మాటిమాటికీ తిరగడం దానికి గుర్తు. నేర్పున్న మెకానిక్ దగ్గర్లో లేనిచోట ఇది మంచి ఎంపిక కాదు.

చేత్తో మోసుకెళ్లే పెట్టె మరుగుదొడ్డికి పడవ అడుగున చిల్లు అక్కర్లేదు. పది, ఇరవై లీటర్ల కింది పెట్టెను ఊడదీసి ఒడ్డున మరుగుదొడ్డిలో ఖాళీ చెయ్యాలి. ఇద్దరు ముగ్గురు ఒక రోజు తిరిగే చిన్న పడవకు దీనికి మించింది లేదు.

కొబ్బరి పీచుపొడిలో మలాన్ని ఆరబెట్టి, మూత్రాన్ని విడిగా పట్టే పొడి మరుగుదొడ్లను వాడేవారు విదేశాల్లో పెరుగుతున్నారు. నీళ్లు, పంపు, గొట్టం ఏవీ లేవు. వీటిని మెచ్చుకునేవారు రెండు సంగతులు దాటేస్తారు. పడవలో కొన్ని వారాల్లో అది ఎరువైపోదు. వేడి ప్రాంతాల్లో సైతం ఏడాదికి పైగా నిల్వ ఉంచాకే వాడాలని 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండోది మనకు ముఖ్యం. ఈ పరికరాలను కాగితంతో తుడుచుకునేవారి కోసం తయారుచేశారు. నీళ్లతో కడుక్కునే మనం వాడితే పీచుపొడి తడిసి ముద్దై, కంపు మొదలవుతుంది. దీనికి మన దక్షిణాదిలోనే జవాబుంది. తమిళనాడులోని ముసిరిలో కట్టిన ఎకోశాన్ మరుగుదొడ్లలో మూడు దారులుంటాయి: మలానికి, మూత్రానికి, కడుగునీటికి వేరువేరుగా. పడవకు సరిపోయే కొలతలో అలాంటిది తయారుచెయ్యడం మన ఇంజినీరింగు విద్యార్థులు చేపట్టదగ్గ పని.

మన అలవాటు వల్ల ఒక మేలూ ఉంది. గొట్టాలు పూడ్చే వస్తువుల్లో కాగితం, తడి రుమాళ్లు ముందు వరసలో ఉంటాయి. నీళ్లు వాడేచోట ఆ బెడద తగ్గుతుంది. కాకపోతే కడుగునీటిని ట్యాంకు లెక్కలో కలపడం మరవకూడదు. పక్కనే కుళాయి, చిన్న మగ్గు, శానిటరీ ప్యాడ్లకు మూతున్న డబ్బా పెడితే కమోడ్‌లో పడకూడనివి సగం పడవు.

సంరక్షణ: గార, వాసన, రబ్బరు

కొన్నేళ్లు వాడిన గొట్టాన్ని అడ్డంగా కోసి చూస్తే ఈ వ్యవహారమంతా కళ్లకు కడుతుంది. 38 మిల్లీమీటర్ల దారి బొటనవేలు పట్టేంతకు కుంచించుకుపోయి ఉంటుంది. చుట్టూ బూడిదరంగు తెలుపులో, సుత్తితో కొడితే పెచ్చులుగా రాలే గార. మూత్రంలోని యూరియా విరిగి అమ్మోనియా అవుతుంది, క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మూత్రంలోని ఫాస్ఫేటు సముద్రపు నీటిలోని మెగ్నీషియం, కాల్షియంతో కలిసి రాయిలా గడ్డకడుతుంది. గొట్టంలో మూత్రం నిలిచి ఉన్నంతసేపూ ఈ పని సాగుతూనే ఉంటుంది. కాబట్టి గొట్టం పొడవునా మలినం కొట్టుకుపోయేంతవరకు పంపు కొట్టడమే అసలైన మందు. మీటరు పొడవు గొట్టంలో లీటరుకు పైగా పడుతుంది. గొట్టం ఎంత పొట్టిదైతే అంత తక్కువ శ్రమ. పది రోజులకోసారి రాత్రిపూట అర లీటరు తెల్ల వెనిగర్ పోసి, పంపు దాకా లాగి, తెల్లారాక నీళ్లు కొడితే లేతగార కరుగుతుంది. ముదిరిన గారకు కొందరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. దాన్ని పలచగా, గాలి ఆడేచోట, చేతి తొడుగులతోనే వాడాలి. బ్లీచింగుతో ఆమ్లం కలిస్తే క్లోరిన్ పుడుతుంది. ఇరుకు గదిలో అది ప్రాణం తీస్తుంది.

వాసన వస్తే వెంటనే ట్యాంకును తిట్టకండి. సముద్రపు నీళ్లు వాడే పడవలో రాత్రంతా తోడే గొట్టంలో నిలిచిన నీటిలోని సూక్ష్మజీవులు చచ్చి, నీటిలోని సల్ఫేటు హైడ్రోజన్ సల్ఫైడుగా మారుతుంది. పొద్దున్న మొదటి పంపుకు గుప్పుమనే కంపు దాదాపు అదే. పడవను వదిలి వెళ్లేముందు ఆ గొట్టంలోంచి మంచినీళ్లు ఒకసారి తోలితే సరిపోతుంది. ఇంకో కారణం గొట్టమే కంపును పీల్చుకోవడం. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో గొట్టాన్ని ఒకచోట గట్టిగా తుడిచి, ఆ గుడ్డను వాసన చూడండి. కంపు గుడ్డకు అంటితే గొట్టం మార్చాల్సిందే, పైన ఏం పూసినా లాభం లేదు. కొత్తది వేసేటప్పుడు మలినం కోసమే తయారుచేసిన మందమైన, లోపల నున్నగా ఉండే గొట్టం వెయ్యాలి. తోటకు నీళ్లు పెట్టే గొట్టం పనికిరాదు.

పంపు తర్వాత ఉండే జోకర్ వాల్వు బాతు ముక్కు ఆకారంలో ఉండే చిన్న రబ్బరు ముక్క. మలినాన్ని పోనిచ్చి, వెనక్కి రానివ్వకుండా ఆపేది అదే. కమోడ్ అడుగున నీళ్లు వాటంతట అవే ఊరుతుంటే ఆ ముక్కు పెదవులు విచ్చుకున్నట్టు, లేదా వాటి మధ్య గార పేరుకున్నట్టు. ఏడాదికోసారి మార్చడం మంచిది. పెట్రోలియం నూనెలూ ఘాటైన ఫినాయిళ్లూ రబ్బరును ఉబ్బిస్తాయి, పెళుసు చేస్తాయి. పంపు కడ్డీకి సిలికాన్ గ్రీజు వాడాలి.

గోదావరి, మన రేవులు

పాపికొండల విహారానికి వెళ్లే బోట్లలో కుటుంబాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడుపుతాయి. భోజనాలూ అందులోనే. సాగర్ నుంచి నాగార్జునకొండకు, శ్రీశైలానికి లాంచీలు తిరుగుతాయి. రాజమహేంద్రవరం తాగేది గోదావరి నీళ్లే. 2027లో పుష్కరాలకు లక్షలాది మంది ఆ నీటిలోనే మునగబోతున్నారు. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టంలో కాలుష్య నివారణకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. చట్టం కాగితం మీంచి నీటి మీదికి రావాలంటే ప్రతి బోటులో ట్యాంకు ఉండటం సగం పని. రేవులో దాన్ని పీల్చి ఖాళీ చేసే పంపు, అక్కడి నుంచి శుద్ధి కేంద్రానికి దారి ఉండటం మిగతా సగం. అమెరికా 1992లో క్లీన్ వెసల్ యాక్ట్ తెచ్చి రేవుల్లో పంపు కేంద్రాలకు నిధులిచ్చింది. ఒడ్డున చోటు చూపకుండా ట్యాంకు పెట్టుకోమంటే, ఆ ట్యాంకు చీకటి పడ్డాక నదిలోనే ఖాళీ అవుతుంది. సరంగుకు వేరే దారి ఇవ్వకుండా అతణ్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

విశాఖ, కాకినాడ రేవుల నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే మరబోట్ల సంగతీ మరవకూడదు. అలల మీద బోటు అంచున కూర్చోవాల్సి రావడం ప్రాణాలతో చెలగాటం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఆమోదించిన 188వ ఒప్పందం 24 మీటర్లు, అంతకుమించి పొడవున్న చేపల పడవల్లో నలుగురికి ఒక మరుగుదొడ్డి చొప్పున ఉండాలంటుంది. మన బోట్లలో ఎక్కువ అంతకంటే చిన్నవి. చిన్న బోటులో పనిచేసే మనిషి అవసరం మాత్రం చిన్నది కాదు. అలాంటి బోటుకు చేతిపంపు కమోడ్, గాలి వాల్వున్న వంపు, గట్టి తలుపు చాలు. తీరానికి దగ్గరగా ఉన్నప్పుడు వాడేందుకు చిన్న ట్యాంకు ఉంటే మరీ మంచిది.

నా తీర్పు ఇది. నదిలో తిరిగే విహార బోటుకు నిల్వ ట్యాంకు, నూరే మోటారు కమోడ్, మంచినీటి ఫ్లష్. రోజుల తరబడి సముద్రంలో ఉండే పడవకు చేతిపంపు. ఒకపూట తిరిగే చిన్న పడవకు పెట్టె. ఏది కొన్నా, దానికయ్యే ఖర్చులో ముందు వాటా మంచి గొట్టాలకూ వాల్వులకూ గాలి గొట్టానికీ కేటాయించండి. బోటుకు అనుమతిచ్చే అధికారులు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినట్టే ట్యాంకునూ దాని బిరడానూ తెరిపించి చూడాలి. టిక్కెట్టు కొనేముందు ప్రయాణికులమైన మనం కూడా ఒక ప్రశ్న అడగాలి: ఈ బోటు మరుగుదొడ్డి ఎక్కడ ఖాళీ అవుతుంది? పదిమంది అడిగితే యజమాని జవాబు వెతుక్కుంటాడు. వందమంది అడిగితే రేవులో పంపు వస్తుంది.